యొలాండా లోపెజ్ గ్వాదలూపే చిత్రాలు: ఒక పునఃపఠనానుభవం

చికానా చిత్రకళను అధ్యయనం చేయడం ప్రారంభించిన తొలి సంవత్సరంలో నేను చేసిన ఒక పొరపాటు నుండి ఈ వ్యాసం పుట్టింది. యొలాండా లోపెజ్ (1942–2021) 1978లో నూనె పాస్టెల్‌తో గీసిన ‘గ్వాదలూపే మాతగా చిత్రకారిణి’ అనే స్వీయచిత్రాన్ని తరగతిలో చూపి, అది మతంపై స్త్రీవాద తిరుగుబాటు అని బోధించాను. పరుగు బూట్లు తొడుక్కుని, ఒక చేత పామును, మరొక చేత నక్షత్రాల నీలివస్త్రాన్ని పట్టుకుని, దేవదూత మీదుగా దూకి వస్తున్న యువతిని చూసినప్పుడు ఆ నిర్ణయానికి రావడం సులువు. ఆ సులువే నన్ను తప్పుదారి పట్టించింది.

మెక్సికన్ సంతతికి చెందిన అమెరికా స్త్రీలు 1960ల నాటి హక్కుల ఉద్యమాల నుండి రాజకీయ స్పృహతో స్వీకరించిన పేరు ‘చికానా’. 1531లో టెపెయాక్ కొండపై హువాన్ దియేగో అనే ఆదివాసికి దర్శనమిచ్చిందని విశ్వసించే మరియమాత రూపమే గ్వాదలూపే మాత. 1966లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీలు డెలానో నుండి శాక్రమెంటో వరకు సాగించిన పాదయాత్రలో ఆమె పతాకం ఉంది. అంటే లోపెజ్ కుంచె పట్టేనాటికే ఆ మూర్తి ఉద్యమంలో భాగం. దానిని గర్భగుడి నుండి వీధిలోకి తెచ్చినవారు చిత్రకారిణులు కారు.

నేను విస్మరించిన విషయం మరొకటి ఉంది. ఆ స్వీయచిత్రం ఒంటరిది కాదు. దానికి తోడు మరి రెండు చిత్రాలున్నాయి. ఒకదానిలో ఆమె తల్లి మార్గరెట్ కుట్టుమిషను ముందు కూర్చుని అదే నక్షత్రాల వస్త్రాన్ని కుడుతూ ఉంటుంది. మరొకదానిలో అమ్మమ్మ విక్టోరియా, చేతిలో కత్తి, ఒలిచిన పాముచర్మంతో ప్రశాంతంగా కూర్చుని ఉంటుంది. మువ్వురి వెనుకా మాతకు చెందిన కాంతివలయమే ప్రకాశిస్తుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ‘తిరుగుబాటు’ అన్న నా మాట తేలిపోయింది. మాత ధరించే వస్త్రాన్ని ఎవరో కుట్టాలి కదా! జీవితమంతా కుట్టుపనితో బతికిన స్త్రీకి ఆ కాంతి చెందుతుందని చెప్పడం పవిత్రతను కూల్చడం కాదు, దానికి హక్కుదారులను చూపడం. చిత్రాల పేర్లలో వారి అసలు పేర్లు ఉండడం కూడా ఇందుకేనని నా అభిప్రాయం.

అనువాదంలోనూ ఇటువంటి చిక్కే ఎదురైంది. మొదటి ప్రతిలో ‘గ్వాదలూపే దేవత’ అని రాశాను. క్యాథలిక్ సిద్ధాంతం ప్రకారం మరియ దేవత కాదు. తెలుగు క్రైస్తవుల నోట ఉన్న ‘మాత’ శబ్దమే సరైనది. అయితే టెపెయాక్ పూర్వం తొనాంత్సిన్ అనే స్థానిక దేవత ఆరాధనాస్థలమని 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి సహగున్ అనుమానంతో నమోదు చేశాడు. చికానా కళాకారిణులు ఈ పూర్వస్మృతిని కోరి తవ్వుకున్నారు. లోపెజ్ చిత్రాల్లోని పాము కూడా క్రైస్తవ సంప్రదాయంలోని పాపచిహ్నంగా మాత్రమే కాక, సర్పవస్త్రధారిణి కొవాత్లిక్యూ వంటి ఆజ్టెక్ దేవతలను స్ఫురింపజేస్తుంది. కనుక ‘మాత’ అన్నప్పుడు ఒక పొర, ‘దేవత’ అన్నప్పుడు మరొక పొర జారిపోతున్నాయి. ‘మాత’నే ఉంచుకుని, తొనాంత్సిన్ ప్రస్తావనను వివరణలో చేర్చాను.

2001లో శాంటా ఫే మ్యూజియంలో ఆల్మా లోపెజ్ డిజిటల్ చిత్రం ‘అవర్ లేడీ’పై చెలరేగిన నిరసనల వల్ల ఇటువంటి చిత్రాలన్నింటినీ వివాదాలుగానే చదివే అలవాటు బలపడింది. ఆ వివాదం ముఖ్యమైనదే, కానీ అధ్యయనానికి అది ప్రవేశద్వారం కారాదు. ఇప్పుడు తరగతిలో నేను ముందుగా అమ్మమ్మ చిత్రాన్ని చూపుతున్నాను. పరుగెత్తే యువతి చివరన వస్తుంది.