పెట్రోలు కారును కంపెనీలు ఎందుకు వదలవు?

బదిలీ వచ్చిందంటే మూటాముల్లె సర్దుకోవడం మనకు అలవాటే. మరి కార్ల కంపెనీలకు పెట్రోలు ఇంజన్‌ను విడిచి కదలడం ఎందుకంత కష్టం?

1990లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నియమం పెట్టింది: 1998 నుంచి పెద్ద కంపెనీలు అక్కడ అమ్మే కార్లలో నూటికి రెండు పొగ వదలనివై ఉండాలి. జనరల్ మోటార్స్ 1996లో 'ఈవీ1' అనే విద్యుత్ కారు తెచ్చింది. అమ్మలేదు, అద్దెకే ఇచ్చింది. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి, కోర్టుకెక్కాయి, నియమం సడలింది. చివరికి ఆ కార్లను వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేశారు.

లాభం రాదని కంపెనీ చెప్పింది. బ్యాటరీ ఖరీదైనదన్నది నిజమే. కానీ ఇంజన్ ఫ్యాక్టరీలపై పెట్టిన పెట్టుబడి, విడిభాగాల అమ్మకం కూడా పాత కారుతోనే ముడిపడి ఉన్నాయి. మనం పీల్చే పొగ ఖరీదు మాత్రం ఆ లెక్కలో లేదు. దాన్ని చేర్చగలిగేది చట్టమే.