ఉబ్బసం ఉన్న ఇంటి ముందు వయ్యారిభామ

మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారికి ఏడాదిలో ఏ నెలల్లో ఆయాసం ఎక్కువవుతుందో ఎప్పుడైనా గమనించారా? అడిగితే చాలామంది "చలికాలంలో" అంటారు. చలి ఒక కారణమే. కానీ తొలకరి పడిన నెల, నెలన్నరకు, మళ్ళీ శెనక్కాయలు పీకి కొట్టే రోజుల్లో కూడా ఆయాసం పెరుగుతోందంటే, ఆ రోజుల్లో గాలిలో ఏముందో చూడాలి.

గాలిలో కలిసినది ఉబ్బసాన్ని రేపడం మన ప్రాంతానికే పరిమితం కాదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కొన్ని సంవత్సరాలు కంటికి కనబడని ఒక రకం నాచు విపరీతంగా పెరిగి సముద్రపు నీరు ఎర్రబారుతుంది. అలలు విరిగినప్పుడు దాని విషం తుంపరలతోపాటు గాలిలోకి లేస్తుంది. నీళ్ళలో దిగకుండా ఒడ్డున గంటసేపు గడిపిన ఉబ్బస రోగులకు కూడా దగ్గు, ఛాతీ బిగువు వచ్చినట్లు అక్కడి వైద్యులు పరీక్షించి తెలుసుకున్నారు. మనకు సముద్రం లేదు. అనంతపురం మెట్ట నేలలో అలా గాలిని పాడుచేసే వాటిలో ముందుగా చెప్పుకోవలసింది వయ్యారిభామ.

ఈ మొక్క మీకు తెలియనిది కాదు. క్యారెట్ ఆకుల వంటి ఆకులు, చిన్న చిన్న తెల్లని పూలు. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. ఇది అమెరికా ఖండపు మొక్క. మన దేశంలో 1950ల నాటికి పుణె ప్రాంతంలో కనిపించింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన నేలలో ఇతర మొక్కలు తల ఎత్తకముందే ఇది మొలిచి, నెల రోజులు దాటగానే పూతకు వస్తుంది. ఒక్క మొక్క 10 వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. ముట్టుకున్న కొందరికి చర్మం దురదపెట్టి పగులుతుంది. దాని పుప్పొడి పడనివారికి తుమ్ములు, కళ్ళ మంట, ఆయాసం వస్తాయి. దీన్ని తినే మెక్సికో పురుగును 1984లో బెంగుళూరులో వదిలారు. వానాకాలంలో అది ఆకులు బాగానే తింటుంది గాని, ఎండలు రాగానే నేలలో దాక్కుంటుంది. కాబట్టి పురుగు మీద భారం వేసి కూర్చోలేము.

వయ్యారిభామతోపాటు సర్కారు తుమ్మ పుప్పొడి కూడా కొందరికి పడదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డు ఊళ్ళవారికి ఇసుక గాలి సంగతి చెప్పనక్కరలేదు. ఇక కోత రోజుల్లో వేరుశెనగ కట్టె దుమ్ము, తడిసి బూజుపట్టిన వామి నుండి లేచే ధూళి. వీటిలో ఏది తగిలినా ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, గళ్ళ పేరుకుంటుంది. దారి ఇరుకై పిల్లికూతలు వినిపిస్తాయి. అందరికీ అన్నీ పడకుండా ఉండవు. ఎక్కడికి వెళ్ళి వచ్చాక ఆయాసం వచ్చిందో ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి డాక్టరు గారికి చూపండి. రక్తపరీక్షల కన్నా ఆ పుస్తకమే ఎన్నోసార్లు ఎక్కువ చెబుతుంది.

ఇంటి చుట్టూ ఉన్న వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్న మనిషికి ఈ పని చెప్పకండి. ఎండిన మొక్కలను ఇంటి దగ్గర తగలబెట్టకండి, ఆ పొగ కూడా ఆయాసం తెస్తుంది. కట్టె కొట్టే రోజున రోగిని గాలి వాలుకు ఎదురు వైపు, దూరంగా ఉంచండి.

అయితే గాలిని పూర్తిగా ఆపగలమా? రామగిరి గాలిమరలను తిప్పే గాలి మన ఇంట్లోకీ వస్తుంది. అందుకే మందు సంగతి ముఖ్యం. ఇన్‌హేలర్లలో ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించేది ఒకటి, వాపును రోజూ అదుపులో ఉంచేది మరొకటి. దగ్గు తగ్గగానే చాలా ఇళ్ళలో ఆపేసేది ఈ రెండవదాన్నే. "అలవాటైపోతుంది, స్టెరాయిడ్ కదా" అనే భయం. మాత్రలో మందు మిల్లీగ్రాములలో ఉంటే, ఇన్‌హేలరులో మైక్రోగ్రాములలో, అంటే అందులో వెయ్యవ వంతు లెక్కలో ఉంటుంది. నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. దాన్ని మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్ళో సూది వేయించుకునేవారి ఒంట్లోకే ఎక్కువ స్టెరాయిడ్ వెళ్ళవచ్చు. తగ్గించే మందు ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రమాదమని 2019 నుండి ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేప మందు తీసుకునే కుటుంబాలున్నాయి. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్య పరీక్షలలో రుజువు కాలేదు. వెళ్ళడం మీ ఇష్టం. కాని ఇన్‌హేలరు సంచిలో పెట్టుకోండి, ఒక్క రోజు కూడా ఆపకండి. తొలకరి, దాని వెనుకే వయ్యారిభామ మొలకలు వచ్చేది సరిగ్గా ఆ కార్తె తరువాతే.

ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, పెదవులు నీలిరంగుకు మారడం, మగతగా ఉండడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగవద్దు. రోగిని పడుకోబెట్టక కూర్చోబెట్టండి. తగ్గించే ఇన్‌హేలరును స్పేసరు గొట్టంతో, ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు ఇస్తూ 108కి ఫోను చేయండి. 20 నిమిషాలలో తేరుకోకపోతే దారిలోనే మళ్ళీ 4 ఇవ్వండి. వాడుతున్న ఇన్‌హేలర్లు, ఆ నోటు పుస్తకం మీతో తీసుకురండి.