కోటిపల్లి రైలుబాట

సంక్రాంతి సమీపించినంతనే ఎల్.బి.నగరు కూడలి పుట్టింటి త్రోవ పట్టిన స్త్రీలతో నిండిపోవును. విజయవాడ రహదారి ఆ వైపుగనే సాగుటచే, దిలుసుఖ్‌నగరు మొదలగు పేటలలో కాపురమున్న కోస్తా ఆడపడుచులు పిల్లలతో, మూటలతో బస్సులకై అచ్చటనే వేచియుందురు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేటనుండి ఎల్.బి.నగరువరకు మెట్రో రైలు నడచుట మొదలైనప్పటినుండి ఆ కూడలికి చేరుట సులభమైనది. అచ్చట నిలిచిన కోనసీమ సోదరీమణులలో, తమ సీమ ముంగిటి రైలొకటి మాయమై 64 ఏండ్లకు మరల వచ్చినదని యెఱిగినవారెందరో! ఆ కథను నేడు పాఠకురాండ్రకు విన్నవింపదలచితిమి.

కాకినాడనుండి గౌతమీతీరమందలి కోటిపల్లివరకు సుమారు 45 కిలోమీటర్ల శాఖామార్గము 1928లో వేయబడినది. అది కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా పోవును. ద్రాక్షారామము పంచారామములలో నొకటి. కోటిపల్లి సోమేశ్వరుని క్షేత్రము. అచ్చటి రేవులో పడవ నెక్కి గౌతమిని దాటినచో ముక్తేశ్వరము, ఆపైన కోనసీమ. కావున ఈ బాట యాత్రికులకు మాత్రమే కాదు, ఏటి కావలి పల్లెలకును కాకినాడ పట్టణమును చేరువ చేసినది. బండి కట్టించువారు లేనిదే గడప దాటలేని యిల్లాలికి, వేళకు వచ్చిపోవు రైలు ఎంతటి యాసరాయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ భాగ్యము పండ్రెండేండ్లే నిలిచినది. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. సైన్యమునకు ఇనుము కావలసివచ్చినది. 1940లో ఈ మార్గపు పట్టాలను యుద్ధావసరములకై ఊడబెఱికి తీసికొనిపోయిరి. పట్టాలు లేని స్టేషను నీరులేని రేవు వంటిది. పేరు మిగులును, పని మిగులదు.

ఇట్టి కష్టము కోటిపల్లికి మాత్రమే కలుగలేదు. కేరళమందలి షోరనూరు–నిలంబూరు మార్గమును, హిమాలయ పాదములయందలి కాంగ్రా లోయ మార్గములో నగ్రోటా–జోగీందర్‌నగరు భాగమును ఆ యుద్ధకాలముననే తొలగించిరి. అయితే ఆ రెండును 1954 నాటికి మరల నడచినవి. మన కోటిపల్లి బాటకు మాత్రము 2004వ సంవత్సరమువరకు మోక్షము లేకపోయినది. దాని పునరుద్ధరణకై పాటుపడిన అమలాపురము పార్లమెంటు సభ్యుడు, లోకసభాపతి జి.ఎం.సి. బాలయోగిగారు 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. తిరిగివచ్చిన రైలును చూచు భాగ్యము వారికి లేకపోయినది.

64 ఏండ్లనగా నెంత? 1940లో తల్లి కొంగు పట్టుకొని బండి యెక్కిన ఆఱేండ్ల బాలిక, 2004లో రైలు మరల వచ్చునప్పటికి డెబ్బదేండ్ల వృద్ధురాలు. ఆమె చదువుకొను వయస్సు, పెండ్లి, పురుళ్లు, బిడ్డల పెంపకము—అన్నియు రైలు లేకయే గడచిపోయినవి. బాట నూడదీయుట స్వల్పకాలపు పని; మరల వేయుటకు రెండు తరములు పట్టినది. ఊడదీయునప్పుడు ఆ పల్లెల యిల్లాండ్రను అడిగినవారెవరు?

రైలుబాటల చరిత్రలో మైళ్లును, ఖర్చులును వ్రాయబడును. ఎక్కిన స్త్రీల మాట అరుదుగా వ్రాయబడును. ఆ తొలి రైలు నెఱిగినవారు నేడు తొంబదేండ్లకు పైబడినవారు. మీ యింట గాని, మీ పుట్టింట గాని అట్టి అవ్వ యున్నచో, ఈ పండుగకు పోయినప్పుడు ఆమె చెంత గూర్చుండుడు. టిక్కెట్టు వెల యెంత, ఎవరితో పోయెడివారు, రైలు నిలిచిన పిదప కాకినాడ కెట్లు చేరెడివారు అని యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసి దాచుడు. పోయిన పట్టాలు మరల వచ్చినవి. పోయిన మాట మరల రాదు.