పట్టు నిలవాలంటే విశ్రాంతీ సాధనే

బ్రెజిలియన్ జియుజిట్సులో గుద్దులు, తన్నులు ఉండవు. ఎదుటివాణ్ని పట్టి, నేలమీద కదలనివ్వకుండా చేసి, కీలు మెలిపెట్టో మెడ బిగించో లొంగదీయాలి. 1882లో జిగోరో కానో జపాన్‌లో నెలకొల్పిన కోడోకాన్‌లో జూడో నేర్చిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన నేర్పిన విద్యకు గ్రేసీ కుటుంబం ఇప్పటి రూపం ఇచ్చింది. ఇందులో నల్ల బెల్టు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. పొలమో ఉద్యోగమో వ్యాపారమో చూసుకుంటూ సరదాగా నేర్చుకునేవారు అంతకాలం మ్యాట్‌ మీద నిలవాలంటే సాధన, కసరత్తు, విశ్రాంతి మూడింటికీ పొంతన కుదరాలి.

భారం లెక్క

ఒంటిమీద పడిన భారాన్ని అంచనా వేయడానికి క్రీడా శిక్షకులు ఒక తేలిక పద్ధతి వాడతారు. క్లాసు ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులేసి, నిమిషాలతో గుణిస్తారు. గంటసేపు మెలకువలు మాత్రమే నేర్చుకుంటే, కష్టం 4 అనుకుంటే, 240. అదే గంట ఎదుటివాడితో హోరాహోరీగా తలపడే స్పారింగ్‌కు, కష్టం 8 అయితే, 480. గడియారం చూస్తే రెండూ గంటే, ఒంటికి మాత్రం రెండోది రెట్టింపు. వారం మొత్తాన్ని ఒక్కసారిగా పెంచేయకుండా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. కండరాలు త్వరగా బలపడతాయి, కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులకు నెలలు పడుతుంది. దమ్ము పెరిగిందన్న ఉత్సాహంతో కొత్తవారు మోచేతులు, మోకాళ్లు పాడుచేసుకునేది ఈ వ్యవధిలోనే.

పగటి పని కూడా ఈ లెక్కలోకి వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో నలభై కిలోలకు పైబడిన టిక్కీలు (బస్తాలు) రోజంతా మోసిన హమాలీకి సాయంత్రం మళ్లీ బరువులు అక్కర్లేదు. అతనికి కావలసింది ఒళ్లు సాగదీసే కదలికలు, మెలకువల సాధన. పత్తి తీతల్లో రోజంతా వంగి నడుము పట్టేసినవారూ అంతే. బ్యాంకు కౌంటర్లోనో కంప్యూటర్ ముందో కూర్చుని వచ్చినవారి అవసరం దీనికి పూర్తిగా వేరు: తుంటి, భుజాలు సడలించి, కండ పెంచే కసరత్తు చేయాలి. ఒకే క్లాసుకు వచ్చే ఇద్దరికీ ఒకే వారపు ప్రణాళిక పనికిరాదు.

కసరత్తు ఎంత?

బరువులెత్తడం గుంటూరు ప్రాంతానికి కొత్త కాదు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు. అలాంటి క్రీడాకారులకు సాధనే వృత్తి, విశ్రాంతి అందులో భాగం. వారి పట్టికను సరదా సాధకుడు యథాతథంగా దించుకోకూడదు. మ్యాట్‌ మీద రెండు మూడు రోజులు, బరువులతో రెండు రోజులు చాలు. గుంజీలు, డెడ్‌లిఫ్ట్, పుల్‌అప్స్, బరువు మోస్తూ నడక, కాస్త మెడ కసరత్తు ఉంటే నలభై నిమిషాల్లో పని పూర్తవుతుంది. ప్రతి సెట్టులో ఇంకా రెండుసార్లు ఎత్తగలమనగా దించేయాలి. మొదటి ప్రాధాన్యం మ్యాట్‌కే కనుక స్పారింగ్ ముందురోజు కాళ్లు పీకేంత కసరత్తు వద్దు.

విశ్రాంతి

ఒళ్లు బలపడేది సాధన వేళ కాదు, తర్వాతి విరామంలో. అలవాటులేని శ్రమ తర్వాత నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి తగ్గుతుంది. రాత్రి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర, రోజుకు కిలో ఒంటి బరువుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు అవసరం. పప్పు, గుడ్లు, పెరుగు, చేప ఇంట్లో దొరికేవే. నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే నాడి వేగంగా కొట్టుకోవడం, పట్టు సడలడం, చిరాకు వారం దాటి ఉంటే భారం సగానికి తగ్గించాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా నాలుగైదు వారాలకోసారి ఒక తేలిక వారం పెట్టుకోవడం మంచిది.

ఎండ, ఘాటు

పల్నాడులోని రెంటచింతలలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఒంగోలు తీరంలో ఉక్కపోతకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. సాధనలో వేసుకునే దళసరి దుస్తులు, అంటే గీ, తొడిగితే వేడి మరీ ఎక్కువ. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కనుక ఎండలు ముదిరే వేళ రౌండ్లు తగ్గించి, వేకువనే సాధన చేసి, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో తాగాలి. తల తిరిగినా, మాట తడబడినా అది వడదెబ్బ సూచన. వెంటనే ఆపి, నీళ్లతో ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గట్టి సాధనకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అయితే పత్తి తీతలు, మిర్చి కోతల పనీ ఆ నెలల్లో ఉంటుంది కనుక రైతు కుటుంబాలవారు కోతల వారాల్లో స్పారింగ్ తగ్గించుకోవాలి.

మిర్చి ముట్టిన చేతులతో నేరుగా మ్యాట్ ఎక్కరాదు. ఘాటునిచ్చే క్యాప్సెయిసిన్ నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగకపోతే ఎదుటివాడి కళ్లు మండుతాయి. తామర వంటి చర్మవ్యాధులు మ్యాట్ ద్వారా పాకుతాయి కనుక సాధన ముగియగానే స్నానం, రోజూ ఉతికిన గీ తప్పనిసరి. కీలు బిగిసిందనిపించిన క్షణమే తట్టి లొంగిపోవాలి. వాపు, కీలు జారిన భావన ఉంటే వైద్యుడికి చూపించాలి. తిరిగి వచ్చాక మొదట మెలకువలు, ఆపై నెమ్మది స్పారింగ్, నొప్పి లేదని తేలాకే పూర్తి బలం.