ఏ గ్రూపు? ఏ ఊళ్లో?

ఉధ్నా నుంచి సచిన్ వెళ్లే దారిలో ఉంది మా ఉన్. ఇక్కడ పది పాసైన వాళ్లను "ఏ గ్రూపా, బీ గ్రూపా?" అని అడుగుతారు. గుజరాత్ బోర్డులో ఏ అంటే లెక్కలు, బీ అంటే జీవశాస్త్రం, రెండూ కావాలంటే ఏబీ. ఊరి నుంచి ఫోన్ చేసే తాతయ్యేమో "ఎంపీసీయా, బైపీసీయా?" అంటారు. మన సీబీఎస్‌ఈలో ఆ పేర్లు లేవు గానీ సంగతి అదే. భౌతిక, రసాయన శాస్త్రాలు, ఇంగ్లీషు పోగా ఇంకో రెండు సబ్జెక్టులు. బడిలో వీలుంటే లెక్కలు, జీవశాస్త్రం రెండూ తీసుకోవచ్చు. బరువు మాత్రం మనదే!

గ్రూపు గురించి అందరూ చెబుతారు. బదిలీల ఇళ్ల పిల్లలం మనం చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. సొంత రాష్ట్రమంటే పుట్టిన చోటు కాదు, పన్నెండు పాసైన చోటు. ఇక్కడ పాసైతే సూరత్ ఎన్‌ఐటీలో మనం సొంతవాళ్లం, వరంగల్‌లో బయటివాళ్లం. ఐఐటీలకు ఈ గొడవ లేదు.

డాక్టరు చదువుకు నీట్ ఒక్కటే అయినా, ప్రభుత్వ కళాశాలల్లో అఖిల భారత కోటా 15 శాతమే. మిగతా సీట్లకు ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివి. తెలుగు రాష్ట్రాల్లో స్థానికులు కావాలంటే సాధారణంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు అక్కడిదై ఉండాలి. అంటే తొమ్మిదిలోనే లెక్క మొదలు.

అందుకే ఫారం నింపే ముందు నాన్నగారిని అడగండి: పన్నెండు పరీక్షల నాటికి మనం ఎక్కడుంటాం? మా ఇంట్లో జవాబు ఇంకా రాలేదు. అక్క ఫారం సోమవారం ఇవ్వాలి.