పాటీ మీద కూర్చోనంటున్న పిల్లలు: మొండితనమా, భయమా, నొప్పా?

“నడక నేర్చాడు, మాటలు నేర్చాడు, సెల్‌ఫోను నొక్కడం కూడా నేర్చాడు. ఇదొక్కటే నేర్చుకోవడం లేదు డాక్టరుగారూ!” పిల్లల ఓపీలో ఈ మాట మేము తరచుగా వింటుంటాము. బిడ్డకు రెండున్నర, మూడేళ్ళు ఉంటాయి. దొడ్డికి వస్తోందని వాడి ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. కానీ పాటీ మీద కూర్చోబెడితే ఒళ్ళు విల్లులా వంచి ఏడుస్తాడు. లేపిన ఐదు నిమిషాలకు తలుపు చాటుకు వెళ్ళి నిక్కరులోనే పని కానిచ్చేస్తాడు. “కావాలనే చేస్తున్నాడు” అని ఇంట్లో అందరూ తీర్మానిస్తారు. నానమ్మ అమ్మను అంటుంది, అమ్మ బిడ్డను అంటుంది. చివరికి ఒకటో రెండో దెబ్బలు కూడా పడతాయి.

నిజానికి ఈ వయసులో కావాలని ఇలా చేసే పిల్లలు చాలా తక్కువ. కూర్చోనని ఏడ్చే బిడ్డకు సాధారణంగా మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఇంకా ఆ వయసు రాకపోవడం ఒకటి, భయం రెండవది, నొప్పి మూడవది. ఏది కారణమో కనుక్కుంటే సగం సమస్య తీరినట్లే. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దెబ్బలతో పోయేది కాదు. పైగా దెబ్బలతో భయం, నొప్పి రెండూ పెరుగుతాయి.

ఎప్పుడు మొదలు పెట్టాలి?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని, పాదాల మీద పసిబిడ్డను కూర్చోబెట్టి, ‘ఉస్.. ఉస్..’ అంటూ దొడ్డికి కూర్చోబెట్టడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అది మంచిదే. అయితే అక్కడ వేళ కనిపెడుతున్నది పెద్దవాళ్ళే కానీ బిడ్డ కాదు. బిడ్డ తనంతట తాను ‘వస్తోంది’ అని గుర్తించి, కాసేపు ఆపుకుని, చోటికి వెళ్ళి కూర్చోవాలంటే నరాలు, కండరాలు, మాట అన్నీ కొంత ఎదగాలి. చాలామందిలో ఆ ఎదుగుదల ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య మొదలవుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే బిడ్డ సిద్ధమవుతున్నట్లు అనుకోవచ్చు.

• పగలు రెండు గంటల పాటు డైపరు లేదా నిక్కరు పొడిగా ఉండడం
• దొడ్డికి వచ్చే ముందు మూలకు వెళ్ళి నిలబడడం, ఆట ఆపేయడం
• తడిసిన నిక్కరు ఇబ్బందిగా ఉందని చూపించడం
• “చెప్పులు తీసుకురా” వంటి చిన్న పనులు చెబితే చేయడం
• నిక్కరు కిందికి లాక్కోవడానికి ప్రయత్నించడం

అమెరికాలోని టి. బెర్రీ బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 1170 మంది పిల్లల వివరాలను 1962లో ప్రచురించారు. బిడ్డ సిద్ధమైన తరువాతే నేర్పాలని ఆయన తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఆ పిల్లలకు పగటిపూట పూర్తిగా అలవాటు కావడానికి సగటున ఇరవై ఎనిమిదిన్నర నెలల వయసు వచ్చింది. సగటు అంటే అంతకంటే ముందు నేర్చినవాళ్ళూ ఉన్నారు, వెనుక నేర్చినవాళ్ళూ ఉన్నారు. పక్కింటి పాప రెండేళ్ళకే నేర్చిందని మన బాబును తక్కువ చేయనవసరం లేదు.

వీలుంటే ఎండాకాలంలో మొదలు పెట్టండి. పల్చటి నిక్కరు ఒక్కటే వేస్తే చాలు. తడిసిన బట్టలు కూడా త్వరగా ఆరతాయి. ముసురు పట్టిన వానల్లో రోజుకు పది నిక్కర్లు ఉతికి ఆరబెట్టాల్సి వస్తే ఎంత ఓపిక గల తల్లికైనా కోపం వస్తుంది.

భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్కసారి బిడ్డ ఎత్తులో కూర్చుని మీ లెట్రిన్‌ను చూడండి. గది చిన్నది, చీకటిగా ఉంటుంది. నేల తడిగా జారుతుంటుంది. కూర్చునే చోట పెద్ద రంధ్రం. కాళ్ళ మధ్య దూరం పెద్దవాళ్ళకు సరిపోయేలా ఉంటుంది కానీ రెండేళ్ళ బిడ్డకు కాదు. కమోడ్ అయితే కాళ్ళు గాలిలో వేలాడతాయి, ఫ్లష్ నొక్కితే పెద్ద శబ్దం వస్తుంది. అందులో పడిపోతానేమోనని బిడ్డ భయపడడంలో వింతేమీ లేదు.

అందుకే మొదట ప్లాస్టిక్ పాటీని ఇంట్లో వెలుతురు ఉన్న చోట పెట్టండి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. కమోడ్ మీద కూర్చోబెట్టేట్లయితే పిల్లల సీటు అమర్చి, కాళ్ళ కింద పీట వేయండి. కాళ్ళకు ఆధారం లేకపోతే ముక్కడానికి బలం చాలదు. ఫ్లష్ బిడ్డ బయటికి వచ్చాక నొక్కండి.

అయినా కూర్చోనంటే మెట్లు మెట్లుగా నేర్పండి. మొదటి కొద్ది రోజులు బట్టలతోనే పాటీ మీద కూర్చోనివ్వండి, కథ చెప్పండి. తరువాత డైపరులో పోసిన దొడ్డిని బిడ్డ చూస్తుండగా పాటీలో వేసి “ఇది ఇక్కడికి రావాలి” అని చెప్పండి. ఆ తరువాత డైపరుతో పాటీ మీద కూర్చోనివ్వండి. చివరిగా డైపరు తీసేయండి. ఒక మెట్టు మీద భయం కనిపిస్తే రెండు రోజులు ఆ మెట్టు మీదే ఆగండి.

అన్నిటికన్నా పెద్ద కారణం నొప్పి

మూత్రానికి చక్కగా కూర్చుంటాడు, దొడ్డికి మాత్రం కూర్చోడు అంటే ముందుగా మలబద్ధకాన్ని అనుమానించండి. ఎప్పుడో ఒకసారి దొడ్డి గట్టిగా వచ్చి మలద్వారం దగ్గర చర్మం చీలి ఉంటుంది. ఆ నొప్పిని బిడ్డ మర్చిపోడు. మరుసటి రోజు మళ్ళీ వచ్చినప్పుడు బిగబట్టి ఆపుకుంటాడు. ఆపుకున్న కొద్దీ పేగులో నీరు ఇంకిపోయి మలం ఇంకా గట్టిపడుతుంది. ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. ఈ చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులు పొరబడే విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది: బిడ్డ మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు కత్తెరలా బిగించి, ముఖం ఎర్రబడుతుంటే ‘పాపం, ముక్కుతున్నాడు’ అనుకుంటారు. నిజానికి వాడు ముక్కడం లేదు, రాకుండా ఆపుకుంటున్నాడు. రెండవది ఇంకా ముఖ్యమైనది. గట్టి మలం పేగు చివర చాలా రోజులు పేరుకుపోతే ఆ భాగం సాగిపోతుంది. దొడ్డికి వస్తున్న సంగతి బిడ్డకు సరిగా తెలియదు. గట్టి గడ్డ పక్కనుంచి పల్చటి మలం కొద్దికొద్దిగా జారి నిక్కరుకు అంటుకుంటుంది. దాన్ని చూసి కొందరు విరేచనాలనుకుని వాటిని ఆపే మందు వేస్తారు, మరికొందరు పెంకితనం అనుకుని కొడతారు. రెండూ బిడ్డకు హాని చేసేవే. అది బిడ్డ చేతిలో ఉన్న పని కాదు.

ఇంట్లో చేయవలసినవి:

• మూడు పూటలా అన్నంతో పప్పు, ఆకుకూర ఉండాలి. తోటకూర, పాలకూర, బొప్పాయి, జామ, బాగా పండిన అరటిపండు పెట్టండి. నీళ్ళు తరచుగా తాగించండి.
• ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు పాలు మించవద్దు. పాలతోనే కడుపు నింపితే అన్నం తినరు, దొడ్డి గట్టిపడుతుంది. బిస్కెట్లు, మైదాతో చేసినవి తగ్గించండి.
• భోజనం చేసిన అరగంటలోపు పేగుల్లో కదలిక ఎక్కువగా ఉంటుంది. ఉదయం టిఫిను తరువాత, రాత్రి అన్నం తరువాత ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా ఐదు నిమిషాలకు లేపండి.
• సబ్బు ముక్క, ఆముదంలో ముంచిన తమలపాకు కాడ మలద్వారంలో పెట్టవద్దు. ఆ పూటకు దొడ్డి వస్తుందేమో కానీ పుండుపడిన చోట మంట పెరిగి, బిడ్డ భయం రెట్టింపవుతుంది.

మలం మేక పెంటికల్లా వస్తున్నా, రక్తం చారలు కనిపించినా, వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ రాకపోయినా డాక్టరుకు చూపించండి. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి మందులు ఇస్తారు. ఇవి అలవాటైపోతాయని భయపడి చాలామంది నాలుగు రోజులకే మానేస్తారు. సమస్య తిరగబెట్టడానికి ఇది పెద్ద కారణం. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘాలు 2014లో ఇచ్చిన సూచనల ప్రకారం కనీసం రెండు నెలలు మందు వాడాలి. పాటీ నేర్చుకునే వయసు పిల్లలకైతే ఆ అలవాటు కుదిరిన తరువాతే మందు ఆపాలి. అది కూడా డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

నేర్చిన బిడ్డ మళ్ళీ మొదటికి వస్తే?

మూడు నెలలు చక్కగా వెళ్ళిన పాప ఉన్నట్టుండి మళ్ళీ నిక్కరు తడుపుతోంది. ఇంట్లో ఏం మారిందో ఆలోచించండి. తమ్ముడు పుట్టాడా? ఇల్లు మారారా? జ్వరంతో ఆసుపత్రిలో ఉండి వచ్చిందా? అమ్మ ఉద్యోగంలో చేరిందా? అంగన్‌వాడీకో, ప్లేస్కూలుకో కొత్తగా వెళుతోందా? పెద్దవాళ్ళకే ఇటువంటి మార్పులు కష్టం. బిడ్డకు చెప్పడానికి మాటలు లేవు, నిక్కరు చెబుతుంది. నేర్చింది ఎక్కడికీ పోలేదు. రెండు మూడు వారాల్లో చాలామంది మళ్ళీ దారికి వస్తారు.

ఈ రోజుల్లో మీరు చేయవలసింది కొంచెమే. “పోనీలే, ఈసారి పాటీలో పోద్దాం” అని మామూలు గొంతుతో చెప్పి బట్టలు మార్చండి. పెళ్ళిలోనో, చర్చిలోనో నిక్కరు తడిస్తే నలుగురిలో చెప్పి నవ్వవద్దు. సంచిలో రెండు నిక్కర్లు ఎప్పుడూ ఉంచుకోండి. ఒకసారి సరిగ్గా కూర్చుంటే మెచ్చుకోండి, క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర ఒక పువ్వు గీయనివ్వండి. “డాక్టరుతో సూది వేయిస్తా” అని బెదిరించవద్దని మా ప్రత్యేక మనవి. అలా బెదిరించిన పిల్లలు జ్వరం వచ్చినా మా దగ్గరకు రానంటారు.

అమ్మ ఒక మాట, నానమ్మ ఒక మాట, ఆయా ఒక మాట అంటే బిడ్డ తికమక పడుతుంది. అందరూ ఒకే మాట, ఒకే పద్ధతి అనుకోండి. బడిలో లెట్రిన్ ఎలా ఉందో, అడిగితే పంపుతున్నారో లేదో మీరే వెళ్ళి చూడండి. అక్కడ భయపడి రోజంతా ఆపుకునే పిల్లలు చాలామంది ఉన్నారు.

ప్రతిరోజూ యుద్ధంలా తయారైతే ఒక నెల, అవసరమైతే రెండు మూడు నెలలు పూర్తిగా ఆపేయండి. డైపరు అడిగితే ఇవ్వండి. ఆపుకుని మలం గట్టిపడడం కంటే డైపరులో పోవడం మేలు. దీన్ని ఓటమి అనుకోవద్దు.

రాత్రి పక్క తడపడం వేరే సంగతి. పగలు బాగా అలవాటైన పిల్లలు కూడా రాత్రి తడపవచ్చు. ఐదేళ్ళ పిల్లల్లో నూటికి సుమారు పదిహేను మంది ఇలా ఉంటారు. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఈ అలవాటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఐదేళ్ళలోపు దీనికి మందు అవసరం లేదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

• అలవాటైన బిడ్డ మళ్ళీ పక్క తడుపుతూ, విపరీతంగా నీళ్ళు తాగుతూ, బరువు తగ్గుతుంటే ఆ రోజే షుగరు పరీక్ష చేయించండి. చిన్నపిల్లలకు వచ్చే టైపు 1 డయాబెటిస్ ఇలా బయటపడుతుంది. వాంతులు, ఆయాసం, మగత కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
• జ్వరం, మూత్రంలో మంట, పోసేటప్పుడు ఏడుపు ఉంటే
• మగబిడ్డకు మూత్రం ధారగా కాక చుక్కలు చుక్కలుగా వస్తుంటే, లేదా ఆడబిడ్డ నిక్కరు ఏ వేళా పొడిగా ఉండకపోతే
• పుట్టిన రెండు రోజుల్లో మొదటి నల్ల దొడ్డి పోలేదని మీకు గుర్తుంటే, లేదా పొట్ట ఉబ్బి ఉంటే
• నడుము కింద వెన్ను మీద గుంట, వెంట్రుకల కుచ్చు ఉంటే, లేదా నడకలో తేడా వస్తే

ఒక్క మాట పరిశుభ్రత గురించి. పసిబిడ్డ దొడ్డి ఏమీ చేయదని చాలామంది అనుకుంటారు. అందులో కూడా రోగక్రిములు ఉంటాయి. దాన్ని పెరట్లోనో, కాలువలోనో వేయకుండా లెట్రిన్‌లో వేయండి. కడిగిన మీ చేతులు, బిడ్డ చేతులు సబ్బుతో శుభ్రం చేయండి. ప్రతిసారీ చేతులు కడుక్కోవడం కూడా ఈ పాఠంలో భాగమే.

మా దగ్గరకు వచ్చేటప్పుడు ఒక వారం పాటు చిన్న లెక్క రాసుకుని తీసుకురండి: ఏ రోజు దొడ్డికి వెళ్ళాడు, గట్టిగానా మెత్తగానా, ఎన్నిసార్లు నిక్కరులో అయింది, ఎన్ని పాలు తాగాడు. ఆ ఒక్క కాగితం మాకు చాలా విషయాలు చెబుతుంది. బిడ్డ ఎదుట వాడి తప్పులు ఏకరువు పెట్టకుండా ఆ కాగితం మా చేతికి ఇవ్వండి, చాలు.