ఓడలపై బరువులెత్తు యంత్రముల పరీక్ష

మన నూతియొద్ద చేంత్రాడు తెగినచో నీటిలో పడునది యొక బొక్కెన మాత్రమే. దానిని పాతాళగరిగెతో మరల తీయవచ్చును. కాని ఓడలో ఇనుపత్రాడు తెగినను, బ్రేకు జారినను, క్రింద నిలిచినవారి ప్రాణములు పోవును. పోయిన ప్రాణమును తీయు గరిగె లేదు. కనుకనే అట్టి యంత్రములను ముందుగా పరీక్షింపవలెనని నియమము లేర్పడినవి.

వించి యనగా ఇనుపత్రాటిని చుట్టుకొను పెద్ద పీపా. ఆవిరిగాని, విద్యుత్తుగాని, నూనె యొత్తిడిగాని దానిని త్రిప్పును. త్రాడు క్రేను చేతికొననున్న గిలకమీదుగా దిగి కొక్కెమును పట్టుకొనును. పీపా వెనుకకు తిరుగకుండ బ్రేకు ఆపును. వీనిలో నేదియొకటి బలహీనమైనను తక్కినవాని బలమంతయు వ్యర్థమే.

ప్రతి యంత్రముమీదను అది సురక్షితముగ ఎత్తదగిన బరువు వ్రాయబడి యుండవలెను. పరీక్షలో అంతకంటె నెక్కువ బరువు నెత్తింతురు. రేవులలో సాధారణముగ ననుసరించు లెక్క యిది: 20 టన్నుల వరకు నూటికి 25 వంతులు అధికము, 20 మొదలు 50 టన్నుల వరకు 5 టన్నులు అధికము, 50 టన్నులు దాటిన నూటికి 10 వంతులు అధికము. కావున 5 టన్నుల క్రేను 6.25 టన్నులను, 40 టన్నుల క్రేను 45 టన్నులను, 100 టన్నుల క్రేను 110 టన్నులను ఎత్తి చూపవలెను.

అధికభార మెందుకని పిల్లలడుగవచ్చును. ఓడ అలలపై నూగునపుడు వ్రేలాడు సరకు కూడ నూగును. సడలిన త్రాడు ఒక్కసారి బిగిసినచో కలుగు కుదుపు సరకు బరువునకంటె మిక్కిలి పెద్దది. అయితే పరీక్ష యంత్రమును విరుగగొట్టుటకు గాదు. ఉక్కు కొంతవరకు సాగి, బరువు తీసిన వెంటనే తన పూర్వరూపమును పొందును. ఆ హద్దు దాటినచో సాగినది సాగినట్లే యుండును. పరీక్షాభారము పనిభారమునకు పైన, ఆ హద్దునకు క్రింద నుండునట్లు నిర్ణయింతురు.

పరీక్షకు ఇనుప దిమ్మలను వాడుదురు; లేదా పెద్ద సంచులను వ్రేలాడదీసి నీటితో నింపుదురు. ఒక ఘనమీటరు సముద్రజలము సుమారు 1,025 కిలోగ్రాములు తూగును. నీటిని కొంచెము కొంచెముగ పోయుటవలన భారము మెల్లగా పెరుగును. భారము నెత్తి, ప్రక్కలకు త్రిప్పి, దించుచు నడుమ బ్రేకు వేసి చూతురు. యంత్రశక్తి నాపినను బరువు కదలకుండ నిలువవలెను. పిమ్మట వంపులు, పగుళ్లు, సాగిన భాగములు కలవేమో యని ప్రతి కొక్కెమును, గిలకను వెదకుదురు. ఈ వెదకులాట లేనిచో పరీక్ష సగమే.

రేవు కార్మికుల రక్షణకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1932లో నొక యొడంబడిక చేసి, 1979లో దానిని మార్చినది. దాని ప్రకారము ఓడలోని ఎత్తుడుయంత్రములను మొదట వాడుటకు ముందును, పెద్ద మరమ్మతు చేసిన పిమ్మటను, 5 సంవత్సరముల కొకసారియు పరీక్షింపవలెను. 12 నెలల కొకసారి నిశితముగ తనిఖీ చేయవలెను. ప్రాణరక్షక పడవలను దించు వించిలను కూడ 5 సంవత్సరములలో నొకమారు, గరిష్ఠభారమునకు 1.1 రెట్లతో పరీక్షింతురు. సరకుల క్రేనులకును, లంగరుల నెత్తి దించు వించిలకును సంబంధించిన క్రొత్త అంతర్జాతీయ నౌకా నియమము 2026 జనవరి 1వ తేదీనుండి అమలు కావలెనని 2023లో నిర్ణయింపబడినది.

పరీక్షయే ప్రమాదకరమని కూడ మరువరాదు. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్టణమున ఓడల నిర్మాణస్థలమునందు ఒక పెద్ద క్రేనును పరీక్షించుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. ఉదయము ఇల్లు విడిచి వెళ్లినవారు సాయంకాలము రాలేదు. కావుననే భారము క్రిందను, క్రేను కూలదగిన మేరలోను ఎవరును నిలువరాదు. అవసరము లేనివారిని దూరముగ పంపిన పిమ్మటనే బరువు నెత్తవలెను.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లై ఇట్టి యంత్రముల ధ్రువపత్రములపై సంతకము చేయుదురు గాక! ఆనాడు పగులు కనబడినచో, ఓడ యాలస్యమగునని భయపడి దానిని దాచకుడు. నెమ్మదియైన రేవులో మనము కనుగొనని లోపమును తుపాను కనుగొనును. ఆ కాగితము నమ్మి భారము క్రింద పనిచేయు కూలివాడు మీ సంతకమును చదువలేకపోవచ్చును. కాని వాని ప్రాణము దానిమీదనే వ్రేలాడుచుండును.